దాటిన మోకు

తాటిచెట్టు సగం దాకా ఎక్కి, అక్కడే మోకును కరుచుకుని, పైకి పోలేక కిందికి దిగలేక ఉండిపోయిన గట్టయ్యను కొడుకు సైదయ్య భుజం ఆనించి, అడుగడుగునా ఆగుతూ దింపుకొచ్చాడు. పోయిన వారం అక్కడి దాకా వచ్చాం. నేల మీద కాలు ఆనగానే ఆ ముసలాయన అన్న మొదటి మాట, తన మోకును ఎవరో దాటారని. రెండో మాట కోడలు సుక్కమ్మ పేరు.

గీత పని ఎరగని వారికి ఇక్కడ కొంచెం చెప్పాలి. మోకు అంటే మనిషి నడుమునూ చెట్టునూ కలిపి చుట్టే లావుపాటి తాడు. గీసేవాడు దాని మీద వెనక్కి వాలి, రెండు చేతులూ వదిలి, పైన గెలలు గీసుకుంటాడు. నేలకూ అతనికీ మధ్య ఉన్న ఆధారం ఆ తాడొక్కటే. అందుకే ఒకరి మోకు ఇంకొకరు ముట్టరు. ఇంట్లో దాన్ని కొయ్యకు తగిలిస్తారు. ఎప్పుడైనా నేల మీద ఉంటే ఆడవాళ్ళు చుట్టు తిరిగి పోతారు గాని దాటరు. దాటితే గీతవాళ్ళ దేవుడు కాటమయ్యకు కోపం వస్తుందని, ఆ మోకుతో ఎక్కినవాడికి చెట్టు మీద కళ్ళు తిరుగుతాయని ఆ ఊరి గీత గౌండ్ల నమ్మకం. దాటిన మోకును దేవుడి గద్దె దగ్గర కాల్చేస్తారు. కొత్తది పేనుకుని దేవుడికి చూపించుకున్నాక గాని ఆ మనిషి మళ్ళీ చెట్టు ముట్టడు. దాటిన ఆడమనిషిని పుట్టింటికి పంపేస్తారు. కులం మళ్ళీ పిలిస్తేనే ఆమె రావాలి. అలా పిలిచిన సంగతి ఆ ఊళ్ళో ఎవరికీ గుర్తు లేదు.

సుక్కమ్మ పుట్టిల్లు వాడపల్లి. అక్కడ ఇప్పుడు తల్లీ లేదు, తండ్రీ లేడు. ఇక్కడ అప్పుడప్పుడే నడక నేరుస్తున్న కూతురు ఉంది. తల్లిని పంపేసినా బిడ్డ తండ్రి ఇంట్లోనే ఉండాలన్నది కూడా కులం కట్టుబాటే. పంచాయితీకి పోయే ముందు సుక్కమ్మ పిల్లకు గంజి తాపి, పక్కింట్లో పడుకోబెట్టి, నిద్రపోయిందో లేదో మళ్ళీ ఒకసారి వెనక్కి వచ్చి చూసుకుని పోయింది.

పోలీసు చర్యలో మిలిట్రీ వచ్చిన తర్వాత అది మొదటి ఎండాకాలం. కోదాడలో క్యాంపు పడ్డాక, పొద్దుగూకితే నలుగురు ఒకచోట కూడవద్దని హుకుం ఉంది. కనుక నడిగూడెం పక్కనున్న ఆ ఊళ్ళో పంచాయితీ పట్టపగలే పెట్టారు. పొద్దుటి కల్లు దించి, లొట్టి కుండలు బోర్లించి, అందరూ తాటివనం అంచున ఉన్న కాటమయ్య గద్దె దగ్గరికి చేరారు. గద్దె అంటే పెద్దగా ఏమీ లేదు. పసుపు పూసిన రాళ్ళు, వాటి మీద తాటాకు పందిరి. సైదయ్య చెట్లు దిగి నేరుగా అక్కడికే వచ్చాడు. అతని మోకు అతని భుజం మీదే ఉంది. గట్టయ్య మోకును మాత్రం గద్దె ముందు నేల మీద పొడుగ్గా పరిచారు. ఆడవాళ్ళు దానికి ఆమడ దూరంలో నిలబడ్డారు.

కులపెద్ద వెంకటనర్సయ్య మంచం మీద కూర్చున్నాడు. వరసకు గట్టయ్యకు అన్న. ఆయన గొంతు పెంచే మనిషి కాదు. ఎవరినైనా ఊరు దాటించాలన్నా మెల్లగానే దాటిస్తాడు. ఆ రోజు కూడా మెల్లగానే చెప్పాడు. సుక్కమ్మకు రెండు దారులున్నాయన్నాడు. తప్పు ఒప్పుకుంటే మోకును కాల్చి, ఆమెను వాడపల్లి బండి ఎక్కిస్తారు. లేదంటే మోకు ముట్టి ఒట్టు వేయాలి. మోకు మీద వేసిన ఒట్టును మించిన సాక్ష్యం గౌండ్లకు లేదు. ఒట్టు నిజమైతే మోకు శుద్ధమైనట్టే, గట్టయ్య దానితోనే ఎక్కుతాడు. ఒట్టు అబద్ధమైతే ఎక్కినవాడు పడతాడు. అంతే, ఆయన చెప్పవలసింది అయిపోయింది.

మామ చెట్టు మీద చిక్కుకున్న రోజు, వాకిట్లో నేల మీద ఉన్న మోకు చుట్టు తను గంప ఎత్తుకుని తిరిగే పోయానని సుక్కమ్మ అప్పటికే ఎందరికో చెప్పింది. అత్త బాలనర్సమ్మకు చెప్పింది, మొగుడికి చెప్పింది, నీళ్ళకు పోయినచోట అడిగిన ప్రతి మనిషికీ చెప్పింది. అందరూ విన్నారు. విన్నవాళ్ళలో ఒక్కరు కూడా సరే అనలేదు, కాదనీ అనలేదు. కాదంటే జవాబు చెప్పవచ్చు. ఊరికే వినేవాళ్ళతో ఏం చేయాలో ఆమెకు తెలియలేదు. అప్పటి నుంచి ఆమె కడుపులో కోపం కుంపటిలా రగులుతూనే ఉంది.

"నేను ముట్ట" అంది సుక్కమ్మ.

జనంలో గుసగుసలు లేచాయి. దాటింది కాబట్టే ముట్టనంటోందని ఒకామె పక్కనున్న ఆమెతో అనడం అందరికీ వినిపించింది. గట్టయ్య పందిరి గుంజకు వీపు ఆనించి నిలబడి ఉన్నాడు. తెల్లని మీసం, ఎండకు నల్లబడ్డ ఛాతీ, మోకు రాసుకుని కాయలు కాసిన నడుము. ఆయన కోడలి వైపు చూడలేదు. అన్న వైపు చూసి, విన్నవా అన్నట్టు గడ్డం ఆడించాడు.

"ఎందుకు ముట్టవమ్మా?" అన్నాడు వెంకటనర్సయ్య.

"చెప్త పెద్దమామా. జర ఇను. మా నాయిన గూడ చెట్టెక్కినోడే. ఆయనకు గూడ వయసు మీద పడ్డంక గిట్లనే కండ్లు తిరిగినయి. మా అమ్మ మోకు దాటిందన్నరు. గిట్లనే గద్దె ముందట నిలబెట్టిన్రు. మా అమ్మ దాటలే. మోకు ముట్టి ఒట్టేసింది. అందరు సరే అన్నరు. మా నాయిన ఎక్కిండు, పడ్డడు. పడ్డంక ఏమన్నరో ఎరికేనా? అబద్ధపు ఒట్టేసి మొగణ్ణి తిన్నదన్నరు. సచ్చేదాక మా అమ్మకు ఎవ్వరు గడప లోపల చెంబెడు నీళ్ళియ్యలే."

ఏడుస్తుందేమోనని చూసినవాళ్ళు తలలు తిప్పుకున్నారు.

"నాకు కాటమయ్య అంటే భయం లేదు" అంది మళ్ళీ. "ఆయనకు నిజం ఎరికే. మీరంటేనే భయం. నేను ఇయ్యాల నిజమే చెప్త. రేపు మామ కండ్లు తిరిగి పడితే ఆ నిజాన్ని మీరే అబద్ధం చేస్తరు. మామకు కండ్లు తిరిగేది మోకుతోని కాదు. ఆయనకు ఇంట్ల గూడ తిరుగుతున్నయి."

గట్టయ్య అప్పుడు మాట్లాడాడు.

"నా కండ్ల సంగతి నీకెందుకే. నేను చెట్టు మీద ఉండంగ కింద నీ మొగడు పుట్టిండు. కొడుకు పుట్టిండని కేకేస్తే దిగి సూసి మళ్ళ ఎక్కినోన్ని. నువ్వొచ్చి నాకు తల తిప్పుడు గురించి చెప్తవా?"

కొందరు నవ్వారు. నవ్వు ఆయనకు బలమిచ్చింది. మీసం మీద చెయ్యి వేసుకున్నాడు.

సుక్కమ్మ నవ్విన వాళ్ళ వైపు చూడలేదు. గద్దె పక్కన పెట్టిన కడవలో చెంబు ముంచింది. నిండు చెంబు పట్టుకుని, నేల మీద పరిచిన మోకు చుట్టు తిరిగి పోయి, మామ ముందు నిలబడింది.

"మంచినీళ్ళు తాగు మామా. నువ్వు ఎప్పుడు తాగినట్టే తాగు."

ఈ మాట వెనుక ఉన్నది ఆ ఇంటివాళ్ళకే తెలుసు. గట్టయ్య ఇంట్లో చెంబుకు ఎవరూ మూతి ఆనించకూడదు. చెంబు పైకెత్తి, నోరు తెరిచి, నీళ్ళు ఎత్తి పోసుకోవాలి. సుక్కమ్మ కాపురానికి వచ్చిన మొదటి రోజు, ఎండన పడి నడిచి వచ్చిన దాహంలో చెంబు పెదవులకు ఆనించింది. గట్టయ్య ఆ చెంబును వాకిట్లోకి గిరాటు వేశాడు. చింతపండుతో తోమించి, బూడిదతో తోమించి, అప్పుడు గాని లోపలికి రానీయలేదు. దేవుడికి నైవేద్యం పెట్టే ఇంట్లో ఎంగిలి చెంబు ఉండదని ఆయన మాట. అలాంటి మనిషి పోయిన దసరా దాటాక గోడ వైపు తిరిగి, చెంబు మూతికి ఆనించుకుని తాగడం సుక్కమ్మ చూసింది. వయసు మళ్ళి మెత్తబడ్డాడనుకుంది మొదట. తర్వాత ఇంకొకటి చూసింది. రోజూ పొద్దున్నే తల ఎత్తి సూర్యుడికి దండం పెట్టే మామ, తల వంచుకుని నేలకు పెడుతున్నాడు. మంచం మీద కుడి పక్కకు ఒత్తిగిలినప్పుడల్లా నులక తాళ్ళు రెండు చేతులా పట్టుకుంటున్నాడు, వరద నీళ్ళలో పోయేవాడు కొమ్మను పట్టుకున్నట్టు. లేచి కూర్చున్నాక వెంటనే నిలబడడం లేదు. గోడ మీద చెయ్యి వేసి, ఇల్లు ఆగేదాకా చూస్తున్నాడు.

వీటన్నిటినీ ఆమె ఒకదాని పక్కన ఒకటి పెట్టుకుంది. సూర్యాపేట దవాఖానకు తీసుకపొమ్మని మొగుడికి చెప్పింది. నాయినతోని ఆ మాట ఎవడు చెప్తడన్నాడు సైదయ్య. ఎవరూ చెప్పలేదు. ఇంట్లో ముగ్గురూ ఆయన తల చుట్టూ తిరిగారు గాని, ఆయన తల తిరుగుతోందని ఆయన ముందు ఒక్కరూ అనలేదు.

ఇప్పుడు కులం ముందు, దేవుడి ముందు, గట్టయ్య చెంబు మూతికి ఆనించుకోలేడు. తల ఎత్తితే కళ్ళు తిరుగుతాయి, తాగనంటే ఎందుకని అడుగుతారు. ఆయన చెంబు వైపు చూశాడు, కోడలి వైపు చూశాడు. అంతసేపూ ఆమె చెయ్యి చాపే ఉంచింది. ఆయన చూపులో ఉన్నది ద్వేషమే అనుకుందాం. కాని దొంగను పట్టుకున్న వాడిని దొంగ చూసినట్టు కూడా ఉంది.

చెంబు అందుకున్నాడు. వీపు గుంజకు గట్టిగా ఆనించాడు. ఎడమ చెయ్యి వెనక్కి పోయి గుంజను పట్టుకుంది. కళ్ళు మూసుకుని తల ఎత్తి, చెంబు పైకి లేపి, నీళ్ళు నోట్లోకి వంచుకున్నాడు. సన్నటి ధార. ఒక్క చుక్క పక్కకు పోలేదు. గుటకలు వేస్తుంటే గొంతు మీది ముడతలు కిందికీ మీదికీ కదిలాయి. చెంబు ఖాళీ చేసి, తల దించి, కళ్ళు తెరవకుండానే చెంబును ముందుకు చాపాడు. ఎవరో అందుకున్నారు.

"మామకు నీళ్ళు తాపేటందుకు పంచాయితీ పెట్టిచ్చింది రా పోరి" అన్నాడు వెనక నుంచి ఒకడు. ఈసారి అందరూ నవ్వారు.

సుక్కమ్మ ఆయన పాదాల వైపు చూస్తోంది. కాలివేళ్ళు పదీ మట్టిలోకి దిగి ఉన్నాయి. చెట్టు ఎక్కే మనిషి వేళ్ళు చెట్టును పట్టుకున్నట్టే నేలను పట్టుకుని ఉన్నాయి. గుంజ మీది చెయ్యి ఇంకా వదల్లేదు. నుదుటి మీద చెమట పట్టింది. కోపంతో మాట్లాడడం లేదని జనం అనుకున్నారు. మాట్లాడితే కడుపులో నీళ్ళు బయటికి వస్తాయని ఆయన నోరు బిగించాడని ఆమె ఒక్కతికే తెలుసు. ఆమె అలా అనుకుంది. ఆడవాళ్ళ గుంపులో ఇంకొకరికి కూడా తెలుసునని ఆమెకు తెలియదు.

"కండ్లు మూసుకున్నడు" అంది సుక్కమ్మ.

"నీళ్ళు తాగేటోడు కండ్లు తెరవాల్నని ఏ దేవుడన్న చెప్పిండా?" అన్నాడు వెంకటనర్సయ్య. ఇంకా మెల్లగానే. "నీ మాట పట్టుకోని తమ్మునికి పరీక్ష గూడ పెట్టినం. అయిపోయింది. ఇగ ముట్టు బిడ్డా. ముట్టి ఒట్టెయ్యి. మోకు సుద్దమైతది, మాపటికి ఆయన ఎక్కుతడు. నువ్వు ఇంటికి పోయి నీ పిల్లను సూసుకో. ముట్టకపోతే బండి తయారుగ ఉన్నది."

ఆమె మొగుడి వైపు చూసింది. సైదయ్య మంచి మనిషే. కల్లు అమ్మిన చోట మాట పడడు, ఇంట్లో చెయ్యెత్తడు. కాని నాయిన ముందు అతని నోరు లేవదు. ఇప్పుడు కూడా భుజం మీది మోకు చివరను వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ, నేల వైపు చూస్తున్నాడు.

"నువ్వన్న చెప్పు" అంది సుక్కమ్మ. "చెట్టు మీదికెల్లి దింపుకొచ్చింది నువ్వే గదా. ఆయన నీ మెడ ఎట్ల పట్టుకుండో చెప్పు."

సైదయ్య తలెత్తాడు. తండ్రి కళ్ళు తెరిచి అతన్నే చూస్తున్నాడు. సైదయ్య తల మళ్ళీ కిందికి పోయింది.

ఇక అప్పుడు సుక్కమ్మ మోకు ముందు గొంతుక్కూర్చుంది. అనుకున్నదంతా అయిపోయాక మనిషికి వచ్చే నిమ్మళం ఒకటి ఉంటుంది, అందులో కూడా కోపమే ఉంటుంది. పిల్ల లేచే వేళయింది. ముట్టి ఒట్టేస్తే ఈ పూట ఇంటికి పోవచ్చు. సాయంత్రం ఏమవుతుందో సాయంత్రం చూసుకోవచ్చు. తన తల్లి కూడా ఆ రోజు ఇలాగే అనుకుని ఉంటుంది. చెయ్యి చాపింది.

"ఆగు బిడ్డా."

బాలనర్సమ్మ గుంపులోంచి ముందుకు వచ్చింది. గట్టయ్య భార్య. పొట్టి మనిషి, వంగిన నడుము. కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆ ఇంట్లో మోకు చుట్టు తిరిగే నడిచిన మనిషి. పంచాయితీలో ఆమె గొంతు అంతకు ముందు ఎవరూ వినలేదు. ఆమెకు గొంతు ఉందన్న సంగతే కొందరు మరిచిపోయారు.

"బావా" అంది వెంకటనర్సయ్యతో. "మాగమాసంల పెండ్లికని మేమిద్దరం మిర్యాలగూడెం పోయినం గదా. పెండ్లి లేదు, గిండ్లి లేదు. వైద్యుని కాడికి పోయినం."

"ఏయ్" అన్నాడు గట్టయ్య.

ఆమె ఆగలేదు. ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనని ఆమెకు తెలిసినట్టుంది. వైద్యుడు గట్టయ్యను చాప మీద పడుకోబెట్టి తల ఒక పక్కకు తిప్పాడని, తిప్పగానే గట్టయ్య కళ్ళు గోళీల్లా కదిలాయని, చాప పట్టుకుని పిల్లవాడిలా అరిచాడని చెప్పింది. పెద్ద వయసులో కొందరికి ఇట్లా వస్తుందని, ఇది ఏ పాపమూ కాదు, ఎవరి శాపమూ కాదని వైద్యుడు అన్నాడట. మెల్లగా లేవాలి, మెల్లగా ఒత్తిగిలాలి, తల వెనక్కి వాల్చకూడదు అన్నాడట. చెట్టు మాత్రం ఇక ముట్టవద్దన్నాడట. వచ్చేటప్పుడు బండిలో గట్టయ్య ఆమె మణికట్టు పట్టుకుని, ఈ మాట బయటికి పొక్కితే ఊరుకోనని, కొడుకు తల మీద ఒట్టు వేయించుకున్నాడు.

"కొడుకు తల మీద ఒట్టు" అంది బాలనర్సమ్మ. "గందుకే ఇన్ని దినాలు నోరు మూసుకున్న. నా నోరు మూసుకుంటే ఈ పిల్ల నోట్ల మన్ను పడ్తదని తెల్వక కాదు, తెలిసే మూసుకున్న. ఇయ్యాల తప్పుతున్న. కాటమయ్యా, తప్పింది నేను. ఏమన్న చేస్తే నాకు చెయ్యి, నా కొడుక్కు కాదు."

సుక్కమ్మ అత్త వైపు తలెత్తి చూసింది. ఆ చూపులో కృతజ్ఞత ఉందనుకునేరు, లేదు. ఇన్ని రోజులూ తెలిసి, తను గంజిలో కన్నీళ్ళు కలుపుకుని తాగుతుంటే పక్కన కూర్చుని చూసిందా ఈ మనిషి అన్న మంట ఉంది.

గట్టయ్య నవ్వాడు. వినలేని నవ్వు.

"ముసల్దానికి మతి పోయింది. తల తిప్పుడు దీనికే. దీనికోసరమే పోయినం మిర్యాలగూడెం."

వెంకటనర్సయ్య ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఆయనకు నిజం తెలిసిపోయిందనే అనిపిస్తుంది. కాని చెట్టు దిగిన మనిషి ఏమవుతాడో ఆయనకంటే ఎవరికి బాగా తెలుసు? మోకాళ్ళు పోయి ఆయన మోకు దించిన నాటి నుంచి, పండుగ నాడు దేవుడి ముందు మొదటి కల్లు పోసేది ఆయనకు కాదు. మంచం వేస్తారు, పెద్దా అంటారు. పోయడం మాత్రం ఎక్కేవాళ్ళకే ముందు పోస్తారు. తమ్ముడికి ఆ గతి పట్టకుండా ఒక దారి ఉంది. దానికి నింద మోసే ఒక ఆడపిల్ల చాలు.

దేవుడి కోపానికీ వయసుకూ తేడా తెలియడం అంత కష్టమా అని మనం అడగవచ్చు. కష్టమే కాబోలు. కోపం వచ్చిన దేవుడి కాళ్ళు పట్టుకోవచ్చు, కోడిని కోయవచ్చు. వయసు కాళ్ళు ఎక్కడ పట్టుకుంటాం?

"మరదలా" అన్నాడు వెంకటనర్సయ్య. "కోడలి మీద పాపం జూసి మాట్లాడుతున్నవ్. మంచిదే. కని మొగోడు లేదంటున్నడు. ఆయన మాట ఆయనది. పిల్లను ముట్టనియ్యి. మాపటికి చెట్టే చెప్తది ఎవరిది నిజమో."

"చెట్టు చెప్తదా" అంది బాలనర్సమ్మ. "చెప్పేదాక మీరు కింద నిలబడి సూస్తరా?"

ఆమె ఇంకేమీ అనలేదు. చీర కుచ్చెళ్ళు కొంచెం పైకి పట్టుకుంది. పరిచిన మోకు దగ్గరికి నడిచింది. అందరూ ఆమె చుట్టు తిరుగుతుందనే అనుకున్నారు, ఎప్పుడూ తిరిగినట్టే. ఆమె కుడికాలు ఎత్తింది. మోకుకు అవతల పెట్టింది. ఎడమకాలు ఎత్తింది. నడుము వంగిన మనిషి కదా, ఆ కాలు ఎత్తడానికి కొంచెం సేపు పట్టింది. ఎడమకాలు కూడా అవతల పెట్టి, వెనక్కి తిరిగి నిలబడింది.

"ఇప్పుడు దాటింది మోకు. ఇంతకు ముందు ఎవ్వరు దాటలే. అందరు సూసిన్రు గదా. కాలబెట్టుండ్రి."

ఒక ముసలామె రెండు చేతులతో చెవులు మూసుకుంది.

"నన్ను పుట్టింటికి పంపుండ్రి" అంది బాలనర్సమ్మ. "అనంతగిరిల మా అన్న పోయిండు, ఆ ఇల్లు గూడ పోయింది. ఏడికి పంపుతరో పంపుండ్రి. కొత్త మోకు పేనేదాక ఆయన నేల మీద ఉంటడు. నాకు గది సాలు."

గట్టయ్య గుంజను వదిలి ముందుకు వచ్చాడు. చెయ్యి లేచింది. కొడతాడనే అనుకున్నారు. సుక్కమ్మ లేచి అత్తకు అడ్డం పోయింది. ఎందుకు పోయిందో ఆమెకే తెలియదు, లోపలి మంట ఇంకా చల్లారలేదు. కాని గట్టయ్య కొట్టలేదు. లేచిన చెయ్యి దించుకున్నాడు. నేల మీద పడి ఉన్న తన మోకు వైపు చూశాడు. అది ఇక తాడు కాదు, కట్టెల్లో వేసే చెత్త. ఆయన ముఖంలో కోపం పోయి ఇంకేదో వచ్చింది. అది చూసిన వాళ్ళు కోపమే నయమనుకున్నారు.

తర్వాత ఆయన నేరుగా కొడుకు దగ్గరికి నడిచాడు. భుజం మీది మోకును పట్టి లాగాడు.

"దీన్ని ఎవ్వరు దాటలే గదా" అన్నాడు.

"నాయినా, వద్దు. నా మోకు నీకు సరిపడదు."

"నిన్ను భుజం మీద ఎత్తుకోని తిప్పినోన్ని. నీ తాడు నాకు సరిపడదా? ఇడువు సైదిగా."

ఒకరి మోకు ఒకరు ముట్టరన్న మాట అక్కడున్న ప్రతి గౌండ్లవాడికీ పాలతో పాటు తాగినది. ఆ మాట ఇప్పుడు ఎవరి నోటి నుంచీ రాలేదు. వెంకటనర్సయ్య మంచం మీది నుంచి లేచాడు, లేచి నిలబడే ఉన్నాడు. కోడలి మీద అంత మెల్లగా నడిచిన మాటలు తమ్ముడి మీదికి ఒక్కటీ నడవలేదు. సైదయ్య వేళ్ళు ఒక్క క్షణం మోకును పట్టుకున్నాయి. తండ్రి ఇంకోసారి లాగాడు. వేళ్ళు విడిపోయాయి.

గట్టయ్య మోకు భుజాన వేసుకుని తాటివనంలోకి పోయాడు. తూలకుండానే నడిచాడు. చూపు నేల మీదే పెట్టి, ఒక్కో అడుగూ చూసుకుంటూ.

"నిలబడ్డవేంది?" అంది సుక్కమ్మ మొగుడితో. "మోకు సుట్టు తిరిగేది ఆడోళ్ళం. నువ్వెందుకు తిరుగుతున్నవ్. పోయి పట్టుకో."

సైదయ్య కదల్లేదు. ఆమె అతన్ని అక్కడే వదిలి పరిగెత్తింది. వెనుక బాలనర్సమ్మ, దాటిన మోకు పక్కన నేల మీద కూలబడి, గద్దె వైపు రెండు చేతులూ జోడించింది. ఏం మొక్కుకుంటోందో పెదవులు కదులుతున్నాయి గాని మాట లేదు.

గద్దెకు దగ్గరి చెట్టు అది. ఊళ్ళో అన్నిటికంటే పొడుగు, గట్టయ్య మొట్టమొదట ఎక్కిన చెట్టు. సుక్కమ్మ పోయేసరికి ఆయన కొడుకు మోకును మాను చుట్టూ తిప్పి, నడుముకు బిగించి, కుడిపాదం మాను మీద ఆనించాడు.

"మామా" అంది. ఆ పిలుపులో కోపం ఎప్పుడు పోయిందో ఆమెకు తెలియదు. "మామా, నేనే దాటిన. నేనే దాటిననుకో. ఎక్కకు."

ఆయన ఆమె మాట విన్నాడు. ఒక్కసారి ఆగాడు. తర్వాత తల పైకెత్తి చెట్టు మొవ్వు వైపు చూశాడు.

ఈసారి కళ్ళు మూసుకోలేదు.